తోలు బిళ్ళకి పూసల కుట్టు: గరిటె మీద తోలు ఆరేసే దగ్గర్నించి అంచు కుట్టేదాకా

మగ్గం వర్క్ చేసే చేతికి ఒక ధీమా ఉంటది. సూది తప్పు చోట దిగిందనుకో, తీసేసి గోటితో అటూ ఇటూ రెండుసార్లు గీకితే పోగులు దగ్గరికొచ్చేస్తాయి, బొక్క పడ్డట్టే తెలీదు. నెల్లూరులో ఇన్నేళ్ళు జాకెట్లకి పని చేసి చేసి నాకూ ఆ ధీమానే ఉండేది, అదే ధీమాతో మొదటిసారి తోలు ముక్క తీసుకుని కూర్చున్నా, ఒక గంటలో ముక్క జల్లెడ అయ్యింది. తోలులో పోగులు లేవు గదా దగ్గరికి రావడానికి, పడిన బొక్క పడినట్టే ఉంటది. పక్కపక్కన నాలుగు బొక్కలు పడితే పోస్టాఫీసు స్టాంపులు చించినట్టు సర్రున చిరిగిపోద్ది కూడా. అందుకే ఇందులో కుట్టు కన్నా ముందు లెక్క, ఏ బొక్క యాడ పడాలో సూది పట్టుకోకముందే తేల్చుకోవాలి. ఆ వరసలోనే చెప్తా, మధ్యలో దూకి చదవొద్దు.

మనం చేయబోయేది మెళ్ళో వేసుకునే లాకెట్. మధ్యలో ఉబ్బెత్తుగా 35 మి.మీ. తోలు బిళ్ళ, దాని కింద మూడు తోలు ఆకులు, చుట్టూ పూసలు, కింద కుచ్చులు, తోలు తాడు. పూసల లాకెట్లలో మామూలుగా రాయి పెట్టే చోట మనం చేత్తో చేసిన తోలు బిళ్ళ పెడతన్నాం, అంతే తేడా. కాకపోతే రాయికి సూది దిగదు కాబట్టి దాన్ని పూసల గోడ కట్టి పట్టుకోవాలి, తోలుకైతే అంచుకి కుట్టు వేసి కట్టేయొచ్చు, ఊడి రాదు.

తోలు

తోలులో రెండు రకాలు తెలిస్తే చాలు. చెట్టు బెరడు, కాయలతో ఊనిన, అంటే కుళ్ళకుండా పదును చేసిన తోలు ఒకటి, క్రోమియం ఉప్పుతో ఊనిన క్రోమ్ తోలు ఒకటి. మన వైపు పాత రోజుల్లో లందల్లో, అంటే తోలు నానేసే తొట్లల్లో, తంగేడు చెక్క, కరక్కాయ వేసి ఊనేవాళ్ళు. ఇప్పటికీ షాపుల్లో దాన్ని వెజిటబుల్ టాన్ అనీ వెజ్ టాన్ అనీ అంటారు, పేరు విని నవ్వొద్దు, తోలు శాకాహారం ఏంటని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. తడిపితే మెత్తబడి, ఏ ఆకారంలో పెట్టి ఆరబెడితే ఆ ఆకారంలో గట్టిపడేది ఇదే. క్రోమ్ తోలు హ్యాండ్‌బ్యాగులకి వాడేది, మెత్తగా జారుతుంటది, దాన్ని ఎంతసేపు గరిటె మీద కట్టేసి ఉంచినా ఆరాక మళ్ళీ చదునైపోద్ది.

తేడా కనుక్కోడం ఎట్టాగంటే, ముక్క కోసి అంచు చూడు, మధ్యలో నీలంగానో బూడిద రంగుగానో గీత కనిపిస్తే చాలావరకు క్రోమ్. పైనించి కింద దాకా గోధుమ రంగే ఉంటే వెజ్ టాన్. పైన ఒక చుక్క నీళ్ళు వెయ్యి, వెజ్ టాన్ అయితే పీల్చుకుని ముదురు రంగుకి తిరుగుద్ది. ఇంకా అనుమానం ఉంటే చిన్న పీలిక కాల్చి చూడు, వెంట్రుకలు కాలిన వాసన రావాలి. ప్లాస్టిక్ వాసన వచ్చి కరిగి ఉండ కట్టిందంటే అది తోలే కాదు, రెగ్జిన్. నాకు ఒకసారి ఆన్‌లైన్‌లో వెజ్ టాన్ అని చెప్పి రెగ్జిన్ పంపారు, వెనకాల గుడ్డ అతికించి ఉంది పైగా, రిటర్న్ పెడితే నెల తిప్పారు. అప్పట్నించీ నేనే వెళ్ళి తెచ్చుకుంటన్నా. నెల్లూరులో పొద్దున్నే ట్రైను ఎక్కితే మద్రాసు సెంట్రల్, అక్కడ దిగి నడిచి పోయేంత దూరంలోనే పెరియమేట్, వీధి వీధంతా తోలు వాసన. తుంపుల లెక్కన కూడా ఇస్తారు, అడగాలి. అట్నించే ప్యారిస్ కార్నర్ పోతే పూసలు కూడా అయిపోతాయి, ఒకే రోజు పని.

బిళ్ళకీ ఆకులకీ 1.2 నించి 1.5 మి.మీ. మందం వెజ్ టాన్, ఒక 20 సెం.మీ. చదరం ముక్క సరిపోద్ది, తాడు కూడా అందులోనే వస్తది. వెనక అతికించే అస్తరుకి 0.6 నించి 0.8 మి.మీ. పలచటి మేక తోలు. అస్తరు ఒంటికి తగిలేది, క్రోమ్ కొంతమందికి పడదు, దద్దుర్లు వస్తాయి, అందుకని అది కూడా వెజ్ టాన్ తీసుకోమంటా.

ఒక మాట. మన జిల్లాలోనే డీసీ పల్లిలో తోలుబొమ్మలు చేస్తారు గదా, ఆ తోలు తెచ్చుకోవచ్చా అని చాలామంది అడిగారు. అది వేరే సంగతి. బొమ్మల తోలు ఊనింది కాదు, వెంట్రుక తీసి గీకి సాగదీసి ఆరబెట్టిన మేక తోలు, అందుకే అద్దంలాగా వెలుగు దాని గుండా వస్తది. తడి తగిలితే మళ్ళీ పచ్చితోలే అయిపోద్ది, చెమట పట్టే మెడ దగ్గర దాంతో పని లేదు. చెవులకి వేలాడే కమ్మల్లాగా పలచగా కోసి రంగులేస్తే మాత్రం ఎంత బాగుంటదో.

పూసలు, దారం, సూదులు

మగ్గం షాపులో షుగర్ బీడ్స్ అని అమ్మేవి పడతాయి గానీ వాటిల్లో ఒకటి లావు ఒకటి సన్నం, ఏరుకోవాలి. జపాను పూసలు, మియుకీ, టోహో కంపెనీలవి, ధర ఎక్కువే, కానీ గోడ కట్టేచోట అన్నీ ఒకే సైజు లేకపోతే వంకర్లు పోద్ది కాబట్టి అక్కడికి మాత్రం అవే కొను. 11/0 అంటే దాదాపు 2 మి.మీ. పూస, 15/0 అంటే 1.5, 8/0 అంటే 3. నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నది, మొదట్లో నేను తిరగేసి ఆర్డర్ పెట్టా. ఈ లాకెట్‌కి 11/0 పది గ్రాములు, 15/0 అయిదు, 8/0 పది తెచ్చుకుంటే మిగులుద్ది. కొనగానే నాలుగు పూసలు తీసి నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచిన దూదిలో పెట్టి రుద్దు, రంగు దూదికి అంటితే ఆ పూస మన ఎండలకీ చెమటకీ ఒక వేసవి కూడా ఆగదు.

దారం కాటన్ వద్దే వద్దు. పూసల పాలియెస్టర్ దారం గానీ నైలాన్ గానీ వాడు, తేనెమైనం ముక్క మీద ఒకసారి లాగి వాడితే చిక్కులు పడవు. గాలం వేసేవాళ్ళు వాడే అల్లిక దారం ఉంటది, 0.15 మి.మీ. సన్నం, గట్టిదనంలో దానికి సాటి లేదు, నేను కుచ్చులకీ పూసల గోడకీ అదే వాడతా. తోలు బొక్కల్లో మాత్రం దాన్ని బిగించి లాగొద్దు, ఉడికిన గుడ్డుని దారంతో కోసినట్టు తోలుని కోసేస్తది.

మగ్గం సూది, అదే ఆరి సూది, ఇక్కడ పక్కన పెట్టెయ్యి. దాని కొక్కెం తోలులో ఇరుక్కుంటది, అది ఒక కారణం. అసలు కారణం ఏందంటే మగ్గం కుట్టు గొలుసు కుట్టు, ఒక చోట దారం తెగితే బర్రున మొత్తం ఊడొస్తది. జాకెట్ లోపల అస్తరు ఉంటది గాబట్టి నడిచిపోద్ది, నగకి నడవదు. మామూలు సూదితో వెనక్కి వేసే కుట్టే వేయాలి. 10 నంబరు, 12 నంబరు పూసల సూదులు తెచ్చుకో. మూడు పలకల మొన ఉన్న తోలు సూది అమ్ముతారు, అది పొడవదు, కోస్తది, దగ్గర దగ్గర కుట్లకి అది అసలు వద్దు. బదులుగా చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర ఉండే ఆరె లాంటిది సన్నది ఒకటి కొనుక్కో. నాకు ఆరె పట్టుకోడం నేర్పింది ఆత్మకూరు బస్టాండు దగ్గర కూర్చునే ఒక పెద్దాయన. "పొడవబాక మ్మా, తిప్పతా దించు" అన్నాడు, నాలుగు మాటలే, ఆ నాలుగు మాటలు తెలీకే నేను ముక్కలు ముక్కలు పాడుచేశా.

కింద వేసుకోడానికి ఒక బరువైన రాయి కావాలి. మా వదినోళ్ళు ఒంగోలులో ఇల్లు కట్టినప్పుడు వంటగట్టు కోయగా మిగిలిన చీమకుర్తి గెలాక్సీ ముక్క ఒకటి తెచ్చుకున్నా, అడుగు చదరం, పాలిష్ చేసింది, ఎంత కొట్టినా ఎగరదు. గ్రానైట్ షాపుల్లో ఇట్టాంటి తునకలు ఊరికే పడుంటాయి. దాని మీద నేరుగా కత్తి గానీ ఆరె గానీ పెట్టొద్దు, మొన వంగిపోద్ది, పైన ఒక చెక్క పలకో మందం రబ్బరు షీటో వేసుకో.

బిళ్ళ చేయడం

ఇదే అసలు పని, తొందర పడొద్దు. ఉదయగిరి చెక్క గరిటెలు అందరిళ్ళల్లో ఉంటాయి మన వైపు, వాటికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది, వాటిల్లో చిన్నది, గుండ్రటిది, పిడి విరిగింది ఒకటి వెతుకు. విరక్కపోతే రంపంతో పిడి కోసెయ్, మీ అత్తగారు చూడకుండా. గరిటె గుంట బయటి వైపు అడ్డంగా కొలిస్తే 32 మి.మీ. దగ్గర ఉండాలి. కాస్త కోలగా ఉంటే గరుకు కాయితంతో అరగదీసి గుండ్రం చేసుకో. దానికి జతగా పసిపిల్లల ప్లాస్టిక్ గాజులు ఒక నాలుగైదు, 1-6 సైజు. గాజు సైజు అంటే అంగుళం, పదహారో వంతులు గదా, 1-6 అంటే లోపల 35 మి.మీ. వస్తది. గరిటె 32, రెండు పక్కలా తోలు మందం, సరిగ్గా బిగుతుగా దిగుద్ది.

తోలు 75 మి.మీ. గుండ్రంగా కోసుకో. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచు, ఒకటి రెండు నిమిషాలు. చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళు వద్దు, తోలు ముడుచుకుపోయి అప్పడం అయిపోద్ది, దాన్ని బాగుచేసే దారి లేదు. తీసి గుడ్డలో చుట్టి పక్కన పెట్టు. ముదురు రంగు తగ్గి అసలు రంగు వైపు తిరుగుతా, తాకితే మాత్రం చల్లగా ఉంటది చూడు, అదీ అదను. మరీ తడిగా ఉన్నప్పుడు చేస్తే ఆకారం నిలబడదు.

చెక్క పలక మీద గరిటెని బోర్లించు. తోలు నున్నటి వైపు పైకి ఉండేట్టు దాని మీద పరిచి, బొటనవేళ్ళతో మధ్యలో నించి అంచులకి సాగదీస్తా దించు. మడతలు పడతాయి, పడ్డచోట మడత నొక్కొద్దు, దాని పక్కన తోలు లాగితే మడత పరుచుకుంటది. తర్వాత పైనించి ఒక గాజు దించు, పలక దాకా. గాజు బయట మిగిలిన తోలు చదునుగా పరుచుకుంటది, అదే మన కుట్టు అంచు. ఆ గాజు మీద ఇంకా మూడు నాలుగు గాజులు పేర్చు, బిళ్ళ ఎత్తు దాటాలి, వాటి మీద గ్రానైట్ ముక్క పెట్టు. ఇక ముట్టుకోబాక. రాత్రంతా నీడలో, ఫ్యాను కింద. ఎండలో పెడితే పైన ఎండి లోపల తడి ఉండి పగుళ్ళు పడతాయి.

ఇనుము మాత్రం దగ్గరికి రానీయొద్దు. మొదటిసారి నేను ఇనప పోపు గరిటె మీద ఆరేశా, గుండ్రం బాగుందని. పొద్దున తీసి చూస్తే లోపలంతా నల్లటి మచ్చలు, అంచుల్లో పైకి కూడా కమ్ముకొచ్చాయి, కడిగినా పోలా. అప్పుడు తట్టింది, శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు వచ్చేది ఇట్టానే గదా! వాళ్ళు తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్ళలో పులియబెట్టి కసీం అని చేసి, కరక్కాయ పెట్టిన గుడ్డ మీద గీస్తే నల్లగా తిరుగుద్ది. కరక్కాయలో ఉండే వగరూ తోలు ఊనిన బెరడులో ఉండే వగరూ ఒకటే జాతి, దానికి ఇనుము తగిలితే నలుపే.

కాబట్టి నల్ల బిళ్ళ కావాలంటే అదే చెయ్యొచ్చు, నేనిప్పుడు రంగు కొనడం మానేశా. ప్లాస్టిక్ సీసాలో తుప్పు మేకులు, బెల్లం, నీళ్ళు వేసి మూత వదులుగా పెట్టి మూడు వారాలు వదిలెయ్. మూత బిగించావంటే గ్యాసు కట్టి పేలుద్ది. వడకట్టి, ఆరిన బిళ్ళ మీద బ్రష్షుతో ఒక పూత వేస్తే చూస్తుండగానే నల్లబడుద్ది. అయిదు నిమిషాలాగి నీళ్ళతో కడిగి, వంటసోడా కలిపిన నీళ్ళ గుడ్డతో తుడిచి, మళ్ళీ గరిటె మీదే ఆరబెట్టు. ఇంకా నల్లగా కావాలని రెండు మూడు పూతలు వేస్తే తోలు పెళుసెక్కుద్ది, ఒకటి చాలు. వేరే రంగులకైతే అక్రిలిక్ పెయింటు పలచగా, మందంగా వేస్తే పెచ్చులు లేస్తది. చివర ఒక్క చుక్క ఆముదం వేలితో రుద్దితే నిగనిగలాడుద్ది, అది కూడా ఉబ్బు మీదే. అంచుకి నూనె గానీ మైనం గానీ తగిలిందా, రేపు గమ్ము అంటదు.

ఇప్పుడు అంచు 4 మి.మీ. వెడల్పు ఉండేట్టు చుట్టూ కత్తిరించు. లోపలి బోలుని నింపాలి, లేకపోతే ఎవరో ఒకరు వేలు పెట్టి నొక్కుతారు, గ్యారంటీ. తోలు కత్తిరింపులు సన్నగా తరిగి ఫెవికాల్‌లో కలిపి కూరితే తేలిగ్గా ఉంటది. ఎం-సీల్ పెట్టి చూశా, బరువుకి లాకెట్ ముందుకి వాలిపోతంది. ఒక రోజు ఆరనివ్వు.

బొక్కల లెక్క

ఉబ్బు అంచు నించి 1 మి.మీ. అవతల ఒక గుండ్రటి గీత ఊహించుకో, చుట్టుకొలత 116 మి.మీ. వస్తది. 11/0 పూసలు వరసగా గుచ్చితే అంగుళానికి 18 దాకా పడతాయి, అంటే ఒక్కోటి 1.4 మి.మీ. లావు 2 అయినా బారు తక్కువ, ఇక్కడే అందరూ తప్పులో కాలేస్తారు. 116ని 1.4తో భాగిస్తే దాదాపు 83, మనకి సరి సంఖ్య కావాలి కాబట్టి 84. రెండు పూసలకి ఒక బొక్క, మొత్తం 42 బొక్కలు.

కాయితం మీద కంపాస్‌తో గీసి 42 చుక్కలు పెట్టుకో. ముందు ఆరు భాగాలు చేసి ఒక్కో భాగంలో ఏడు పెడితే సులువు. మధ్యలో కత్తిరించి ఉంగరంలాగా బిళ్ళ మీద తొడిగి, చుక్క చుక్క మీదా ఆరెని తిప్పతా దించు. నా లెక్క కన్నా నీ చేతిలో పూసలే నిజం, ముందు దారానికి 84 గుచ్చి బిళ్ళ చుట్టూ పెట్టి చూసుకో, రెండు తగ్గించాలో పెంచాలో అప్పుడే తెలిసిపోద్ది.

ఆకులు

25 మి.మీ. పొడుగు, 12 వెడల్పు, తమలపాకు కన్నా కాస్త కోసుగా మూడు ఆకులు కోసుకో. కాస్త తడిపి, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో ఈనెలు గీయి. సిరా నిజంగా అయిపోయిందో లేదో ముందు చేతి మీద గీసి చూసుకో, ఎందుకు చెప్తున్నానో నీకు అర్థమయ్యే ఉంటది. తడి ఉండగానే వేళ్ళతో మెలి తిప్పి ఆరనిస్తే వాడిన ఆకులాగా సహజంగా ఉంటది. అంచులకి తుమ్మబంక నీళ్ళు పూసి గుడ్డతో గట్టిగా రుద్దు, పీచు లేవకుండా నున్నగా మెరుస్తది. మొదలు దగ్గర, బిళ్ళ అంచు కిందకి పోయే 5 మి.మీ. మాత్రం వెనక నించి బ్లేడుతో చెక్కి సగం మందం చేయాలి, లేదంటే పైన బిళ్ళ ఎత్తు తప్పుద్ది. నడి ఈనె మీద 3 మి.మీ. దూరంలో అయిదారు బొక్కలు. చివర పావు భాగంలో బొక్క వద్దు, ఆకు కొన గాల్లో లేచి ఉంటేనే అందం.

కుట్టు

కింద వేసే గుడ్డకి గట్టి బక్రం వాడతా. దర్జీ సామాన్ల షాపులో కాలర్ బక్రం అని ఇచ్చేది కొన్ని గంజితో గట్టిపడింది ఉంటది, చెమటకి మెత్తబడిపోద్ది. ఒక మూల తడిపి చూసి కొను. దాని మీద పెన్సిల్‌తో లాకెట్ ఆకారం మొత్తం గీసుకో, అంచు కన్నా అంగుళం బయటికి గుడ్డ ఉంచు.

మొదట ఆకులు. మధ్య ఆకు నిలువుగా, రెండు పక్కలవి వాలుగా పెట్టి నడి ఈనె వెంట 15/0 పూసలతో కుట్టెయ్. తర్వాత బిళ్ళ. అడుగున సింథటిక్ రబ్బర్ గమ్ము పలచగా పూసి, గుడ్డకి కూడా పూసి, పది పదిహేను నిమిషాలు ఆగి, వేలికి అంటనప్పుడు అతికించు. ఆకుల మొదళ్ళు దాని అంచు కిందకి పోవాలి. కిటికీ తీసి పని చెయ్యి, ఆ వాసన మంచిది కాదు. ఫెవిక్విక్ జోలికి పోబాక, పెళుసుగా విరిగిపోద్ది, పైగా పక్కనున్న పూసల మీద తెల్లటి పొగ పట్టినట్టు మచ్చ పడుద్ది.

ఇప్పుడు బొక్కల్లో వరస. సూది కింద నించి ఒక బొక్కలో పైకి తీసుకో. నాలుగు 11/0 పూసలు ఎక్కించి, పక్క బొక్క ఒకటి వదిలి ఆ తర్వాతి బొక్కలో కిందకి దించు. వెనక్కొచ్చి మధ్యలో వదిలిన బొక్కలో పైకి లేచి, మూడు, నాలుగు పూసల్లోంచి మళ్ళీ దూర్చు. మళ్ళీ నాలుగు ఎక్కించు. ఇట్టా చుట్టూ. ఆకులు ఉన్నచోట అంచు కింద ఆకు కూడా ఉంటది కాబట్టి అదే బొక్కలో ఆరె ఇంకోసారి దించి దారి చేసుకోవాలి, సూదితో బలవంతం చేస్తే సూది విరుగుద్ది. చుట్టు పూర్తయ్యాక 84 పూసల్లోంచీ దారం ఊరికే ఒకసారి తిప్పి లాగితే వరస గీత గీసినట్టు నిలబడుద్ది.

దాని పైన గోడ. ఒక పూసలోంచి బయటికొచ్చి, ఒక పూస ఎక్కించి, కింది వరసలో ఒకటి వదిలి ఆ పక్కదాంట్లోకి దూర్చు. ఇటుకలు ఒకటి విడిచి ఒకటి పేర్చినట్టు. చుట్టు చివర మొదట ఎక్కించిన పూసలోకి ఎక్కి పైవరస మొదలుపెట్టు. 11/0తో ఇంకో చుట్టు, ఆ పైన 15/0తో ఒక చుట్టు. చిన్న పూసలు వచ్చేసరికి గోడ లోపలికి వంగి బిళ్ళని కౌగిలించుకుంటది. అంతకన్నా ఎత్తు కట్టొద్దు, రాయికైతే అవసరం, మనది ఇప్పటికే కుట్టేసి ఉంది, తోలు కనపడాలి గదా.

మిగతా ఖాళీ నీ ఇష్టం. నేను గోడ బయట 8/0 ఒక వరస వేసి, ఆకుల చుట్టూ వాటి వంపునే పోయేట్టు 11/0 వరసలు నింపుతా. ఇక్కడ అంతా గుడ్డే, మగ్గం చేతికి ఎదురే లేదు. అడ్డదిడ్డంగా నింపినా బాగుంటది, కట్‌దానా, అదే సన్న గొట్టం పూసలు, కలిపితే మెరుపు వస్తది. గీత అంచు నించి 2 మి.మీ. మాత్రం ఖాళీగా వదులు.

వెనక అస్తరు, అంచు

పూసల నించి 2 మి.మీ. వదిలి బక్రం కత్తిరించు, వెనక దారాలు తెగకుండా చూసుకుంటా. ఐస్‌క్రీం డబ్బా మూత ప్లాస్టిక్ తీసుకుని లాకెట్ కన్నా చుట్టూ 4 మి.మీ. చిన్నగా కోసి వెనక అతికించు, లాకెట్ వంగకుండా ఉంటది. తాడు దూర్చే తోలు కొక్కెం, అంటే 6 మి.మీ. పట్టీ మడత, ఇప్పుడే పైన కుట్టెయ్యాలి. ఇది మర్చిపోయి అస్తరు అతికించి, తర్వాత విప్పినవి నా దగ్గర రెండున్నాయి.

అస్తరు తోలు పెద్దగా కోసి, గమ్ము అంచుకి 3 మి.మీ. లోపలే ఆపి అతికించు. అంచుదాకా పూస్తే ప్రతి కుట్టుకీ సూదికి బంక పట్టి ప్రాణం తీస్తది. ఒక రోజు ఆరాక బక్రం అంచుకి సమానంగా కత్తిరించు.

ఇక అంచు కుట్టు. ఇక్కడ మళ్ళీ తోలు, మళ్ళీ లెక్క. అస్తరు వైపు అంచు నించి 1.5 మి.మీ. లోపల, 2 మి.మీ. దూరం దూరంగా ఆరెతో సన్న బొక్కలు ముందే పెట్టుకో. మొదట దారానికి రెండు 11/0 పూసలు ఎక్కించి, ఒక బొక్క అవతల వెనక నించి ముందుకి సూది తీసి, రెండో పూసలోంచి కింద నించి పైకి దూర్చి లాగు. రెండూ అంచు మీద నిలబడతాయి. అక్కడ్నించి ఒక్కో పూస ఎక్కించడం, పక్క బొక్కలోంచి రావడం, ఆ పూసలోంచే పైకి పోవడం. బిగువు ఒకేలాగా ఉండాలి, మరీ లాగితే అస్తరు అలలు అలలుగా లేస్తది. చుట్టి వచ్చి చివరి పూసని మొదటిదానికి కలిపెయ్. ముడి తోలులో వేయొద్దు, పూసల మధ్య దారానికి వేసి నాలుగు పూసల్లో దాచు.

కుచ్చులు ఆ అంచు పూసల్లోంచే వేలాడదీయాలి. పూసలు ఎక్కించుకుంటా పోయి, చివర ఒక పూస వదిలేసి మిగతా అన్నిట్లోంచీ వెనక్కి రావడమే. బిగదీస్తే కుచ్చు కర్రలాగా నిలబడుద్ది, ఒక వెంట్రుక వాసి వదులు ఉంచు. మధ్యలో పొడుగు, పక్కలకి రెండేసి పూసలు తగ్గిస్తా పో.

తాడు

పొడుగు తాడు కోసం పొడుగు తోలు కొనక్కర్లా. 10 సెం.మీ. గుండ్రటి ముక్క తీసుకుని బయట నించి లోపలికి జిలేబీ చుట్టలాగా 3 మి.మీ. వెడల్పు ఉండేట్టు కోసుకుంటా పో. లెక్కకి రెండున్నర మీటర్లు రావాలి, మధ్యలో కోయలేని ముక్క పోను రెండు మీటర్ల పైనే చేతికొస్తది. తడిపి, ఒక కొన తలుపు గడియకి కట్టి ఇంకో కొనకి నీళ్ళ సీసా వేలాడదీసి ఆరబెడితే వంకరంతా పోయి తిన్నగా అవుద్ది. ఒక రెండు చోట్ల తెగినా మెడకి సరిపోను ముక్క మిగులుద్ది.

వాడేటప్పుడు సెంటు, బాడీ స్ప్రే కొట్టుకున్నాక ఆరనిచ్చి వేసుకో. మన దగ్గర అక్టోబరు నించి డిసెంబరు దాకా వానలు, ఆ మూడు నెలలూ తోలుకి బూజు పడుద్ది, ప్లాస్టిక్ కవర్లో కట్టిపెట్టావంటే ఇంకా తొందరగా. నూలు గుడ్డ సంచిలో వేసి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పడేయ్. బూజు కనిపిస్తే పొడి గుడ్డతో తుడిచి నీడన గాలికి పెట్టు. ఇంకోటి, ఎవరికైనా చేసి ఇచ్చేటప్పుడు తోలని ముందే చెప్పు. పెళ్ళికి వేసుకుంటారు, అట్నించటే గుడికి పోతారు, అక్కడ బెల్టే విప్పి బయట పెట్టమంటే ఈ లాకెట్ యాడ పెట్టుకోవాలి? మా పిన్ని కూతురు ఒకసారి నా చేతికే తీసిచ్చి లోపలికి పోయింది, నేను దర్శనం అయ్యేదాకా చెప్పుల స్టాండు దగ్గర అది పట్టుకుని నిలబడ్డా.